కార్ల్ లోవే కథాగేయాల రికార్డింగులు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి దాచుకోవాలి

మంద్రస్వరం (హైదరాబాదు)

సభ్యులందరికీ నమస్కారం. షూబర్ట్, షూమన్, బ్రామ్స్ పాటలు ఇరవై ఏళ్లుగా వింటున్నాను కానీ జర్మన్ స్వరకర్త కార్ల్ లోవే పేరును మాత్రం సీడీల అట్టల వెనుక చిన్న అక్షరాల్లో చూసి దాటిపోతూ వచ్చాను. ఈమధ్య ఒక సంకలనంలో ఆయన కట్టిన ‘ఎర్ల్‌కోనిగ్’ వినిపించింది. రాత్రివేళ గుర్రం మీద తండ్రి ఒడిలో పోతున్న పిల్లవాణ్ణి మాయరాజు పిలిచే కథ అది. జర్మన్ కవి గేటే రాసిన ఆ కవితకు షూబర్ట్ ఇచ్చిన స్వరమే లోకమంతటికీ తెలుసు. లోవే దాన్ని షూబర్ట్ పాట అచ్చుకు రాకముందే, తన ఇరవయ్యో పడి మొదట్లోనే కట్టాడట. ఇద్దరి పాటలూ జి మైనర్‌లోనే ఉన్నాయి, ఇద్దరూ దాన్ని తమ మొదటి ఓపస్‌లోనే, అంటే వరుస సంఖ్య వేసి అచ్చువేసిన రచనల్లో మొదటిదానిలోనే, ప్రచురించారు.

నన్ను కదలనివ్వకుండా చేసింది ఆ మాయరాజు గొంతు. షూబర్ట్ పాటలో వాడు తియ్యగా, పిల్లలను లాలించే రాగంతో పిలుస్తాడు. లోవే పాటలో వాడికి రాగమే లేదు. జి మేజర్ తీగలోని మూడు స్వరాల మీదే, ఎక్కడో పొగమంచులో ఊదిన కొమ్ములా, గుసగుసగా పలికి ఊరుకుంటాడు. పియానో కింద సన్నగా వణుకుతూ ఉంటుంది. మనిషి కాని దాని గొంతు ఇలాగే ఉంటుందనిపించి, రాత్రి రెండుసార్లు విని ఇక ఆపేశాను.

ఆయన కథాగేయాలూ పాటలూ కలిపి 400 దాకా ఉన్నాయని చదివాను. అన్నీ ఒకేసారి కొనడం నాకు కుదరదు. ఏ గాయకుడితో, ఏ పాటలతో మొదలుపెడితే ఈ స్వరకర్త సరిగ్గా అర్థమవుతాడో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతప్లేట్లు (విశాఖపట్నం)

మంద్రస్వరం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను పాత రికార్డింగుల మనిషిని కనుక అక్కడి నుంచే చెబుతాను.

లోవేను తెలుసుకోవాలంటే ముందు బేస్, అంటే మంద్రస్థాయి గొంతున్న, జర్మన్ గాయకుడు పాల్ బెండర్‌ను వినండి. 1930ల్లో ఆయన పాడిన లోవే గేయాలు తర్వాత సీడీల మీదకు కూడా వచ్చాయి. గరగర ఉంటుంది, పియానో ఎక్కడో పక్కగదిలో ఉన్నట్టు వినిపిస్తుంది, అయినా ఆయన మొదటి మాట పలకగానే ముసలి తాత మంచం మీద కాస్త ముందుకు జరిగి కథ అందుకున్నట్టుంటుంది. ఆ కాలపు పెద్ద ప్లేటులో ఒక వైపు నాలుగున్నర నిమిషాలకు మించి పట్టదు. లోవే గేయాల్లో పదకొండు పన్నెండు నిమిషాలు నడిచేవి ఉన్నాయి కనుక వాటిని ముక్కలు చేసి, మధ్యలో ప్లేటు తిప్పి వినవలసి వచ్చేది. లోవే పేరు మరుగున పడడానికి ఈ నిడివి కూడా ఒక కారణమని నా నమ్మకం. రెండు నిమిషాల పాట ప్లేటుకు సరిపోతుంది కానీ పన్నెండు నిమిషాల కథకు మరో ఓపిక కావాలి.

ఆ తరువాత మిఖాయెల్ రౌఖైజన్. ఈ పియానో విద్వాంసుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో బెర్లిన్ రేడియోలో జర్మన్ పాటలన్నింటినీ రికార్డు చేయాలని పూనుకున్నాడు. మిగిలిన టేపులు తర్వాత 66 సీడీల పెట్టెగా వచ్చాయి, అందులో లోవేకు మంచి వాటా ఉంది. గాయకుడు హాన్స్ హాటర్ యౌవనంలో పాడినవి అక్కడే దొరుకుతాయి. బయట ఊరు కాలిపోతున్న రోజుల్లో లోపల ఇంత నింపాదిగా కథ చెప్పగలిగారంటే నాకిప్పటికీ నమ్మశక్యంగా ఉండదు. ఆ రేడియో నాజీల చేతిలో ఉండేదని గుర్తుంచుకునే వింటాను, ఆ బరువును పక్కన పెట్టి వినడం నాకు చేతకాదు.

యుద్ధం తర్వాతి కాలానికి యోజెఫ్ గ్రైండ్ల్, పియానో మీద హెర్టా క్లుస్ట్. నల్లటి బేస్ గొంతు. ‘ఓడిన్స్ మేరెస్‌రిట్’, అంటే ఓడిన్ దేవుడి సముద్రస్వారీ, ఆయన గొంతులో వినండి, మిగతా మాటలు తర్వాత చెప్పుకుందాం.

హాలే వాసి (హాలే, జర్మనీ)

నేను పదేళ్లుగా హాలేలో ఉంటున్నాను. లోవే పుట్టిన లోబెయూన్ ఇక్కడికి దగ్గరే, ఒక ఆదివారం వెళ్లి వచ్చాను కూడా. చిన్న ఊరు. చర్చిలో పాట నడిపించే కాంటోర్ ఇంట్లో పన్నెండో సంతానంగా 1796 నవంబరు 30న ఆయన పుట్టాడు. అంటే షూబర్ట్ కన్నా రెండు నెలలు మాత్రమే పెద్ద. షూబర్ట్ 31 ఏళ్లకే పోయాడు, లోవే 1869 దాకా బతికాడు.

రికార్డింగుల చర్చలో జీవితకథ ఎందుకంటే, ఆ జీవితంలో ఒక్క సంగతి తెలియకపోతే ఏ రికార్డింగు బాగుందో తేల్చుకోలేం. లోవే తన గేయాలను తానే పియానో వాయిస్తూ తానే పాడేవాడు. 1820లో స్టెటిన్ నగరానికి ఉద్యోగానికి వెళ్లి, అక్కడి యాకోబీ చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, బడిలో పాఠాలు చెబుతూ, నగర సంగీత నిర్దేశకుడిగా 46 ఏళ్లు గడిపాడు. మెండెల్‌సోన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ ఓవర్చర్ అనే వాద్యరచనను 1827లో మొదటిసారి వినిపించింది కూడా ఆ ఊళ్లో ఈయన ఆధ్వర్యంలోనే. సెలవులు వస్తే మాత్రం ఊళ్లు తిరిగి కచేరీలు చేసేవాడు. 1844లో వియన్నా వెళ్లాడు, 1847లో లండన్ వెళ్లి విక్టోరియా రాణి కొలువులో పాడాడు. తండ్రి, కొడుకు, మాయరాజు, కథ చెప్పేవాడు అందరూ ఒకే గొంతు, కింద గుర్రపు డెక్కలు, గాలి, గంటలు అన్నీ అదే మనిషి రెండు చేతులు. ఆ పాటలు ఇలా ఒక మనిషి ఒంటరిగా నడిపించడానికి కట్టినవి.

కనుక గాయకుడు ఒక దారి, పియానో ఒక దారి పట్టిన రికార్డింగు ఎంత గొప్పవారిదైనా నాకు నిలవదు. ఈ లెక్కన నేను మొదట చెప్పేది సీపీఓ సంస్థ 21 డిస్కుల సమగ్ర సంకలనం. పియానో అంతటా కార్డ్ గార్బెన్ ఒక్కరే. గాయకులు పలువురు, అందరూ ఒక స్థాయి వారు కారు. కొన్ని డిస్కులు పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు సాగుతాయి. కానీ కుర్ట్ మోల్ వంటివారు పాడిన చోట గార్బెన్ ఆ గొంతును ముందే ఎరిగినట్టు వాయిస్తాడు. మొత్తం కొననక్కరలేదు, విడివిడి డిస్కులూ దొరుకుతాయి.

ఇంకో మాట. లోవే కీల్‌లో కన్నుమూసినా, గుండెను మాత్రం ఆయన కోరిక ప్రకారం స్టెటిన్‌లోని ఆ చర్చిలో, తాను వాయించిన ఆర్గన్ దగ్గరి స్తంభంలో ఉంచారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులోని ష్చెచిన్.

మంద్రస్వరం

హాలే వాసి గారూ, పాతప్లేట్లు గారూ, ధన్యవాదాలు. ఒక సందేహం. జర్మన్ గాయకుడు ఫిషర్-డీస్కౌ పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. ఆయన పియానిస్టు యోర్గ్ డెముస్‌తో డాయిష్ గ్రామఫోను సంస్థకు చేసిన లోవే రికార్డింగులు నాకు తేలికగా దొరికేలా ఉన్నాయి. వాటితో మొదలుపెట్టవచ్చా?

రాగలీన (బెంగళూరు)

మొదలుపెట్టవచ్చు, అక్కడే ఆగకూడదు. నేను పియానో నేర్పుతాను కనుక నా చెవి ముందు ఎడమచేతి వైపే పోతుంది, ఆ పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను.

ఫిషర్-డీస్కౌ ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క రంగు వేస్తాడు. ‘ఎడ్వర్డ్’ తీసుకోండి. తండ్రిని చంపి వచ్చిన కొడుకును తల్లి కత్తి మీద ఆ నెత్తురేమిటని అడుగుతుంది. అతను ముందు డేగను చంపానంటాడు, తర్వాత గుర్రాన్నంటాడు, చివరికి నిజం చెబుతాడు. ఆఖరున తల్లికి శాపం పెడతాడు, ఎందుకంటే ఆ పని చేయమన్నది ఆమే. ప్రతి జవాబు చివరా “ఓ!” అనే ఒక్క అక్షరం వస్తుంది. ఫిషర్-డీస్కౌ ఆ ‘ఓ’ను ఎన్నిసార్లు పాడితే అన్ని రకాలుగా పాడాడు. మొదటిసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది. నాలుగోసారికి మాత్రం కొడుకు బదులు కొడుకు వేషం కట్టిన గొప్ప నటుడు కనిపించడం మొదలవుతుంది. గాయకుడు హెర్మన్ ప్రై, పియానిస్టు కార్ల్ ఎంగెల్‌తో పాడినప్పుడు ఇన్ని రంగులుండవు. గొంతు మామూలుగా, వెచ్చగా ఉంటుంది, ఆ మామూలు గొంతులోంచే నేరం బయటపడుతుంది. నాకు అదే ఎక్కువ భయం వేస్తుంది.

ఇప్పటివారిలో ఫ్లోరియన్ బోష్, రోజర్ విన్యోల్స్ కలిసి 2011లో హైపీరియన్ సంస్థకు చేసిన డిస్కు తప్పక వినండి. హాలే వాసి గారు చెప్పిన ‘ఒకే మనిషి’ లక్షణం ఈ ఇద్దరిలో చూశాను. బోష్ చాలా చోట్ల దాదాపు మాట్లాడతాడు, పెద్ద గొంతును పట్టి ఉంచుతాడు. అలా పట్టి ఉంచడం వల్ల విన్యోల్స్ వాయించే చిన్న చిన్న సంగతులన్నీ వినిపిస్తాయి.

ఉదాహరణకు ‘టామ్ డెర్ రైమర్’. పాటగాడు టామ్ వాగు ఒడ్డున పడుకుని ఉండగా యక్షిణుల రాణి తెల్లగుర్రం మీద వస్తుంది, గుర్రం జూలుకు వెండి గంటలు కట్టి ఉంటాయి. ఆ గంటలు పియానో పై స్థాయిలో చిన్న ఆర్పెజియోలుగా, అంటే ఒకదాని వెంట ఒకటి జారే స్వరాలుగా, మోగుతాయి. వాటిని గట్టిగా వాయిస్తే చర్చి గంటలవుతాయి, మరీ మెత్తగా వాయిస్తే వినిపించవు. నా విద్యార్థులకు ఈ చోటు నేర్పేటప్పుడు, పెళ్లికూతురు నడుస్తుంటే పక్కగదిలోకి ఆమె పట్టీల చప్పుడు ఎంత వినిపిస్తుందో అంతే వినిపించాలని చెబుతాను.

పాతప్లేట్లు

రాగలీన గారి చెవి మీద నాకు గౌరవం ఉంది కానీ ఫిషర్-డీస్కౌ విషయంలో నేను ఒప్పుకోలేను. 1960ల చివర్లో లోవే అంటే ముసలివాళ్లు బళ్లో కంఠతా పట్టిన పద్యాల స్వరకర్త. ‘డీ ఊర్’, అదే ఆ గడియారం పాట, పుట్టినరోజుల్లో పాడుకునే పాటగా మిగిలిపోయింది. అలాంటి స్థితిలో షూబర్ట్‌కు ఇచ్చినంత శ్రద్ధ లోవేకు ఇచ్చి, ప్రతి మాటనూ పట్టించుకుని పాడిన మొదటి పెద్ద గాయకుడు ఆయన. అంతకుముందు స్వరకర్తల్లో వాగ్నర్ మెచ్చాడు, హూగో వోల్ఫ్ మెచ్చాడు, పందొమ్మిదో శతాబ్ది చివర్లో ఓయిగెన్ గూరా అనే గాయకుడు ఊరూరా పాడాడు. అయినా మా తరం చేతికి లోవేను అందించింది ఫిషర్-డీస్కౌ. నటన ఎక్కువైందనడం సులువే, అయితే హరికథ చెప్పే దాసుగారు కూడా ఒకే గొంతుతో రావణుడూ సీతా అవుతారు కదా. అక్కడ మనం నటన ఎక్కువైందని అనం.

‘ఓడిన్స్ మేరెస్‌రిట్’ గురించి చెబుతానన్నాను. హెల్గోలండ్ ద్వీపంలో కమ్మరి ఓలుఫ్ అర్ధరాత్రి తలుపు చప్పుడుకు లేస్తాడు. నల్ల కవచం తొడిగిన రౌతు గుర్రానికి నాడా కొట్టమంటాడు, తెల్లవారేలోగా చాలా దూరం పోవాలంటాడు. కమ్మరి చేసిన నాడా చిన్నదవుతుంది. చూస్తుండగానే ఆ ఇనుము దానంతట అదే సాగి డెక్కకు సరిపోతుంది. గ్రైండ్ల్ ఆ చోట గొంతు పెంచడు, తగ్గిస్తాడు. కళ్లముందు జరిగినదాన్ని నమ్మలేని కమ్మరి గొంతు అది.

రాగలీన

దాసుగారి పోలిక బాగుంది, కాదనను. కానీ దాసుగారు ఏ వేషంలోకి వెళ్లినా మళ్లీ కథకుడిగా మన దగ్గరికి వస్తారు, చిడతలు ఆపి మనతో మాట్లాడతారు. ఫిషర్-డీస్కౌ తిరిగి రావడం నాకు వినిపించదు. ఇది చెవికీ చెవికీ తేడా కావచ్చు.

ఎవరూ చెప్పని ఒక రికార్డింగు గుర్తుచేస్తాను. కవి షామిసో రాసిన ‘ఫ్రావెన్‌లీబె’ (స్త్రీ ప్రేమ) కవితల వరుసకు షూమన్ 1840లో కట్టిన స్వరాలు అందరికీ తెలుసు. నాలుగేళ్ల ముందే, 1836లో, లోవే ఆ కవితలకు స్వరాలు కట్టాడు. షూమన్ భర్త చనిపోయిన ఎనిమిదో కవితతో ఆపేశాడు. లోవే తొమ్మిదోదాన్ని కూడా తీసుకున్నాడు. అందులో ఆమె ముసలిదై, పెళ్లికూతురు కాబోతున్న మనుమరాలితో మాట్లాడుతుంది. బ్రిగిట్టె ఫాస్‌బేండర్, కార్డ్ గార్బెన్ కలిసి చేసిన రికార్డింగు వినండి. ఫాస్‌బేండర్ గొంతులో తేనె తక్కువ, జీవితం ఎక్కువ. లోవే అంటే గుర్రాలూ దయ్యాలూ మాత్రమే అనుకునేవారికి ఈ ఒక్క డిస్కు చాలు. రూకెర్ట్ కవితకు కట్టిన ‘జ్యూసెస్ బెగ్రేబ్నిస్’ కూడా ఆ మెత్తటి కోవలోదే. గొల్లపిల్లను పువ్వులూ మిణుగురులూ కలిసి సాగనంపే పాట అది.

ఎల్లమ్మగుట్ట (నిజామాబాదు)

నాకు పాశ్చాత్య సంగీతం పెద్దగా తెలియదు, ఈ వేదికలో చదివేవాణ్ణే కానీ రాసేవాణ్ణి కాదు. జానపద కథాగానాల మీద పని చేస్తుంటాను. లోవే పేరు నేను వేరే దారిలో విన్నాను కనుక ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది.

గేటే ‘పారియా’ అనే మూడు కవితల వరుస రాశాడు. ‘పరైయర్’ అనే తమిళ కులం పేరు ఐరోపా భాషల్లోకి పోయి, వెలివేయబడినవాడు అనే అర్థం తెచ్చుకున్న మాట అది. మొదటి కవితలో అంటరానివాడొకడు తమకూ ఒక దైవం కావాలని బ్రహ్మను వేడుకుంటాడు. రెండోది కథ. బ్రాహ్మణుడి భార్య రోజూ నదికి నీళ్లకు పోతుంది. కుండ లేదు, బిందె లేదు. ఆమె పాతివ్రత్యం వల్ల నీళ్లు చేతుల్లోనే స్ఫటికపు ముద్దలా గుండ్రంగా నిలుస్తాయి. ఒకనాడు నీళ్లలో ఒక దివ్యపురుషుడి నీడ చూసి మనసు చలిస్తుంది, నీళ్లు నిలవవు. భర్త కత్తితో తల నరుకుతాడు. కొడుకు పరుగున వచ్చి, తండ్రి చెప్పినట్టు తలను మొండేనికి అతికించబోయి, తొందరలో పక్కన నరకబడి ఉన్న అంటరాని స్త్రీ మొండేనికి తల్లి తల అతికిస్తాడు. ఆమె దేవతగా లేస్తుంది.

ఇది మన రేణుక ఎల్లమ్మ కథ. మా ప్రాంతంలో బైండ్లవారు జమిడిక వాయిస్తూ రాత్రంతా చెప్పే కథ ఇదే. జమదగ్ని, పరశురాముడు, ఇసుకతో చేసిన కుండ, మాతంగి, అన్నీ పేర్లు తీసేసిన రూపంలో గేటే దగ్గరకు చేరాయి. 1770ల్లో కోరమాండల్ తీరంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు పియెర్ సొన్నెరా 1782లో అచ్చువేసిన పుస్తకం గేటేకు ఆధారం. దానికి స్వరం కట్టింది లోవే, ఓపస్ 58. ఆ రికార్డింగు ఎక్కడ దొరుకుతుందో, ఎలా ఉందో తెలిసినవారు చెబితే నా పనికి ఎంతో ఉపకారం.

హాలే వాసి

ఎల్లమ్మగుట్ట గారూ, మీ సందేశం రెండుసార్లు చదివాను. ఓపస్ 58 నా దగ్గరున్న సీపీఓ సంకలనంలోనే ఉంది. నేను దాన్ని విన్నాను కూడా. అది రేణుక కథ అని గుర్తుపట్టకుండా విన్నాను, అందుకు నిజంగా బాధగా ఉంది. మా అమ్మమ్మ ఊళ్లో ఎల్లమ్మ గుడి ఉంది.

నిన్న మళ్లీ గేటే మాటలు ముందు పెట్టుకుని విన్నాను. మీరు చెప్పని ఒక సంగతి కూడా అందులో ఉంది. కొడుకు తండ్రి చేతిలోని కత్తి చూసి, ఇది నేరస్థుల నెత్తురు కాదంటాడు. నేరస్థుల నెత్తురు కత్తి మీద గడ్డకడుతుంది, ఇది గాయంలోంచి వచ్చినట్టు తాజాగా కారుతోంది, ఇది మా అమ్మదని గుర్తుపడతాడు. లేచిన దేవత చివర్లో, తల బ్రాహ్మణిది, ఒళ్లు అంటరాని స్త్రీది కనుక తన సంకల్పం జ్ఞానంతోనూ చేత ఉగ్రంగానూ ఉంటుందని చెబుతుంది.

గేటే భారతదేశపు కథతో రాసిన ‘దేవుడూ దేవదాసీ’ కవితకు కూడా లోవే స్వరం ఉంది, ఓపస్ 45లో. షూబర్ట్ కూడా దాన్ని కట్టాడు. రెండూ పక్కపక్కన వింటే ఎవరు కథకుడో తెలుస్తుంది. షూబర్ట్ ఒకే రాగం చరణం చరణానికీ తిప్పుతాడు.

యువ లోవే 1820లో యేనాలో గేటేను కలిశాడు. తన ‘ఎర్ల్‌కోనిగ్’ వినిపించాలని ఎంతో ఆశపడ్డాడు కానీ ఆ ఇంట్లో పియానో లేకపోయింది.

డల్లాస్ శ్రోత

పాటలతో పాటు ఆయన ఓరటోరియోలను, అంటే బృందగానంతో సాగే పెద్ద కథాగాన రచనలను, కూడా మరిచిపోకండి, పదిహేడు దాకా రాశాడు. మ్యూనిఖ్ ఆర్చిస్-వోకాలిస్టెన్ బృందంతో థామస్ గ్రోపర్ ‘దాస్ జ్యూన్‌ఓఫర్ దెస్ నోయెన్ బుందెస్’, ‘యాన్ హుస్’ రికార్డు చేశారు. మొదటిది క్రీస్తు శ్రమల కథ, పెద్ద వాద్యబృందం లేకుండా తీగవాద్యాలతో నడుస్తుంది, చిన్న ఊరి చర్చిలో పాడుకోవడానికి కట్టినట్టుంటుంది. నేను కథాగేయాలకన్నా దీన్నే ఎక్కువసార్లు విన్నాను.

కొనేవారికి ఒక హెచ్చరిక. నేను ఒక ఆన్‌లైన్ దుకాణంలో లోవే గేయాలను డిజిటల్ రూపంలో కొంటే పాటల సాహిత్యం ఉన్న బుక్‌లెట్ రాలేదు. అడిగితే డబ్బు తిరిగి ఇస్తామన్నారు కానీ బుక్‌లెట్ పంపలేదు. లోవేను సాహిత్యం లేకుండా వింటే సగం పోయినట్టే. దొరికితే సీడీయే కొనండి.

మంద్రస్వరం

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. బోష్, గ్రైండ్ల్, ఫాస్‌బేండర్ రికార్డింగులు తెప్పించుకున్నాను. ఫిషర్-డీస్కౌ కూడా విన్నాను. ‘ఎడ్వర్డ్’లో పాతప్లేట్లు గారి పక్షం, ‘టామ్ డెర్ రైమర్’లో రాగలీన గారి పక్షం నాది. గంటల సంగతి చెప్పకపోతే ఆ చోటు దాటిపోయేవాణ్ణి.

హాలే వాసి గారు నాకు గేటే మూడు కవితలకూ పదానికి పదం అర్థం రాసి పంపారు. నిన్న సాయంత్రం మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, సీపీఓ డిస్కు పెట్టి, వరుస వరుసకూ తెలుగులో చెబుతూ పోయాను. అమ్మకు ఎనభై ఒకటి. కళ్లు మూసుకుని విన్నది. నీళ్లు చేతుల్లో గుండ్రంగా నిలిచే చోట తల ఊపింది. కొడుకు తొందరలో వేరే మొండేనికి తల పెట్టే చోట “పిచ్చితండ్రి” అన్నది. అంతా అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మరి తలమీద చుట్టకుదురుగా పెట్టుకునే పామేదిరా, వీళ్లు దాన్ని చెప్పనే లేదు” అని అడిగింది.

ఎల్లమ్మగుట్ట గారూ, సొన్నెరా పుస్తకంలో ఆ పాము ఉందా?

ఎల్లమ్మగుట్ట

అమ్మగారికి నా నమస్కారాలు. సొన్నెరా పుస్తకంలో ఆ పుటలు వెతికి, అచ్చంగా ఏముందో ఆదివారం ఇక్కడే రాస్తాను.